చారల చేపకి ఫ్లై గాలం: ముందు లైన్, తర్వాతే రాడ్

ఏప్రిల్ రాగానే న్యూజెర్సీలో నాకు తెలిసిన మనవాళ్ల నుంచి మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, స్ట్రైపర్లు వచ్చేశాయంట, ఫ్లై రాడ్ ఏది కొనమంటావ్?" అని, కింద రెండు మూడు లింకులు, వాటిలో ఒకటి కచ్చితంగా ఎనిమిది వందల డాలర్ల పైమాటే. నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఎక్కడ నిలబడి విసురుతావు? చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. అందులో వాళ్ల తప్పేం లేదు. షాపుకి వెళ్తే ముందు చేతిలో పెట్టేది రాడ్డు, అంటే కర్ర, వీడియోల్లో తళతళలాడేది రీలు, అంటే దారం చుట్టే చక్రం, లైన్ అనే దారం బిల్లులో ఆఖరి వరసలో ఎక్కడో ఉంటుంది. నేనూ ఆ వరసలోనే కొన్నాను, దాదాపు రెండు సీజన్లు చేతులారా పాడు చేసుకున్నాను. ఆ వరసని తిరగేస్తే తప్ప ఈ గేర్ గొడవ అర్థం కాదు.

ముందు చేప సంగతి చూద్దాం. దీని పేరు స్ట్రైప్డ్ బాస్, ఇక్కడివాళ్ల నోట్లో స్ట్రైపర్, మేరీల్యాండ్ వైపు వెళ్తే రాక్‌ఫిష్. వెండి రంగు ఒంటి మీద తల వెనక నుంచి తోక దాకా ఏడెనిమిది నల్ల చారలు, స్కేలు పెట్టి గీసినట్టు. చూడ్డానికి మన పండుగప్పలా అనిపిస్తుంది గానీ బతుకుతీరు మాత్రం పులసది. పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురీది వచ్చి గుడ్లు పెట్టినట్టే ఇదీ అట్లాంటిక్ నుంచి నదుల్లోకి వచ్చి, గుడ్లు పెట్టి, మళ్లీ ఉప్పునీళ్లకి పోతుంది. పండుగప్ప దీనికి సరిగ్గా ఎదురు, గుడ్లు పెట్టాలంటే అది ఉప్పునీళ్ల వైపు పోవాలి. స్ట్రైపర్లకి చీసపీక్ బే అనే అఖాతం ప్రధానమైన పుట్టిల్లు, ఆ తర్వాత హడ్సన్, డెలావేర్ నదులు. గుడ్లు పెట్టేశాక పెద్దవి తీరం వెంబడి ఉత్తరానికి సాగుతాయి, లాంగ్ ఐలండ్, కేప్ కాడ్ దాటి మెయిన్ రాష్ట్రం దాకా. చలి మొదలయ్యాక అదే దారిలో వెనక్కి వస్తాయి. అంటే న్యూజెర్సీలో ఉన్నవాళ్లకి వెళ్లేటప్పుడొకసారి, తిరిగొచ్చేటప్పుడొకసారి గుమ్మం ముందు నుంచే పోతాయన్నమాట.

ఎంత పెద్దవి అంటారా, 2011లో లాంగ్ ఐలండ్ సౌండ్‌లో దొరికిన 81.88 పౌండ్ల చేప ప్రపంచ రికార్డు, అంటే 37 కిలోలు. అంతకుముందు 1982లో అట్లాంటిక్ సిటీలో పట్టిన 78 పౌండ్ల 8 ఔన్సుల చేపది ఆ రికార్డు. ఇవేవీ ఫ్లైతో, అంటే ఈకలు కట్టిన కొక్కెంతో, పట్టినవి కావు, కాబట్టి వీటిని మనసులో పెట్టుకుని గేర్ కొనకండి. ఒడ్డు నుంచి ఫ్లైతో పట్టేవాళ్లకి మామూలుగా తగిలేవి 20 నుంచి 30 అంగుళాల చేపలు. ఆ సైజు చేప కూడా పారే నీళ్లలో అడ్డం తిరిగిందంటే చేతిలో కర్ర విల్లులా వంగిపోతుంది, అది వేరే విషయం.

ఇప్పుడు అసలు చిక్కు.

చిన్నప్పుడు కాలవ గట్టున వెదురు కర్రకి నైలాన్ దారం కట్టి, వానపాము గుచ్చి కూర్చున్నవాళ్లకి ఒక సంగతి చెప్పకుండానే తెలుసు. దారం దూరం వెళ్లాలంటే దాని చివర సీసం ముక్క ఉండాలి. బరువు ముందు పోతుంది, దారం దాని వెనకాల పోతుంది. ఇక్కడ అందరూ వాడే స్పిన్నింగ్ రాడ్ కూడా అంతే, ముప్పై గ్రాముల లూర్, అంటే బొమ్మ చేప, విసిరితే అది సన్నటి దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఆ బరువు ఉండదు. ఫ్లై అంటే కొక్కేనికి కట్టిన ఈకలు, వెంట్రుకలు, కాస్త తళుకు. చేత్తో విసిరితే రెండు గజాలు కూడా పోదు. అందుకని బరువుని దారంలోనే పెట్టారు. ఫ్లై లైన్ పెన్ను రీఫిల్‌ లాంటి నునుపుతో, మామూలు గాలం దారం కన్నా బాగా లావుండి, పైన ప్లాస్టిక్ పూతతో, చేతికి బరువు తెలిసేలా ఉంటుంది. మీరు విసిరేది దాన్ని, ఫ్లై దాని చివర ఊరికే వేలాడుతూ పోతుంది.

ఎడ్లబండి తోలేవాళ్ల చర్నాకోల చూసినవాళ్లకి ఇది తేలిగ్గా పడుతుంది. పిడి కొద్దిగానే కదులుతుంది, తోలు చుట్టలా విప్పుకుంటూ చివరిదాకా పోతుంది. ఫ్లై లైన్ కూడా గాలిలో అలాగే ఒక మెలిక వేసి, విప్పుకుంటూ పోతుంది. కాకపోతే చర్నాకోలలా చెళ్లుమనకూడదు. వెనక్కి విసిరిన లైన్ పూర్తిగా సాగకముందే తొందరపడి ముందుకి లాగితే నిజంగానే చెళ్లుమంటుంది, చివర ఫ్లై తెగిపోయి ఉంటుంది, అది తెలియక మీరు అరగంట సేపు ఉత్త దారం విసురుతూ నిలబడతారు. నేను నిలబడ్డాను, న్యూజెర్సీ తీరం సాండీ హుక్‌లో, పక్కనున్న ముసలాయన చెప్పేదాకా.

విసిరేది లైన్‌నే అని ఒప్పుకుంటే మిగతా లెక్కంతా దాన్నుంచే వస్తుంది. రాడ్ మీద 8, 9, 10 అని అంకెలుంటాయి, వాటిని వెయిట్ అంటారు. అవి రాడ్ బరువూ కావు, పట్టే చేప బరువూ కావు, ఆ రాడ్ మోయగల లైన్ బరువు. లైన్‌లో మొదటి 30 అడుగులు తూచి, గ్రెయిన్లలో చెబుతారు. గ్రెయిన్ అంటే మన కంసాలి వాడే గురివింద గింజ ఎత్తులో సుమారు సగం అనుకోండి. ట్రౌట్‌కి (ఏటి చేప) వాడే 5 వెయిట్ లైన్ 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు. 8 వెయిట్ 210, 9 వెయిట్ 240, 10 వెయిట్ 280 గ్రెయిన్లు. 9 వెయిట్ లైన్ గ్రాముల్లో పదిహేనున్నర. కొలరాడోలో వెకేషన్‌కి పోయినప్పుడు కొన్న 5 వెయిట్ రాడ్ ఇంట్లో ఉంది, దాంతో స్ట్రైపర్ పట్టొచ్చా అని అడుగుతారు. చేప పట్టడం దాకా ఎందుకు, ముందు వేలెడు పొడవున్న ఫ్లైని సముద్రపు గాలిలోకి మోసుకెళ్లడం ఆ 9 గ్రాముల వల్ల కాదు. చేపతో పోరాటం కన్నా గాలితో పోరాటానికే మనకి పెద్ద వెయిట్ కావాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఈమధ్య కంపెనీలు చాలావరకు లైన్లని ఆ లెక్క కంటే అర సైజో, ఒక సైజో బరువుగానే చేస్తున్నాయి, కొత్త రాడ్లు గట్టిగా ఉంటున్నాయి కాబట్టి. డబ్బా మీద 9 అని ఉంటుంది, చిన్న అక్షరాల్లో గ్రెయిన్లు చూస్తే 10 వెయిట్ లెక్క తేలుతుంది. అది మోసం అనను, కొత్తగా నేర్చుకునేవాళ్లకి కాస్త బరువు లైనే మేలు, వెనక్కి వేసినప్పుడు రాడ్ వంగడం చేతికి తెలుస్తుంది. అంకె కాకుండా గ్రెయిన్లు చూసి కొనండి, అంతే.

బరువు తర్వాత, నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది, లైన్ నీళ్లలో ఏం చేస్తుందన్నది. తేలేది ఫ్లోటింగ్. మెల్లగా, సెకనుకి ఒకటి రెండు అంగుళాల లెక్కన మునిగేది ఇంటర్మీడియట్. సెకనుకి ఐదారు అంగుళాలు దిగిపోయేది ఫాస్ట్ సింక్. ఒక్క లైనే కొనగలిగితే ఏది కొనాలి? ఇంటర్మీడియట్. దీని మీద నాకు ఏ అనుమానమూ లేదు, కొత్తవాళ్లకి షాపుల్లో ఫ్లోటింగ్ అంటగట్టడం మీద మాత్రం చిరాకుంది. అలలున్న చోట ఫ్లోటింగ్ లైన్ వేసి చూడండి, ప్రతి అల కూడా లైన్‌ని పైకెత్తి మీవైపు తోసేస్తుంది, మీకూ ఫ్లైకీ మధ్య లైన్ ఎప్పుడూ వదులుగానే ఉంటుంది, చేప నోట్లో పెట్టుకుని ఊసేసినా చేతికి తెలియదు. ఇంటర్మీడియట్ అలల కిందకి ఒక అడుగు దిగి తిన్నగా ఉంటుంది. పైగా ఒడ్డు దగ్గర స్ట్రైపర్ మేత చాలాసార్లు ఆ పై రెండు మూడు అడుగుల్లోనే.

ఫ్లోటింగ్ అసలు పనికిరాదని కాదు. కేప్ కాడ్ కింద మోనమోయ్ వైపు ఇసుక మేటల మీద నడుము లోతు తేట నీళ్లలో చేపని కంటితో చూసి వేసేవాళ్లకి, రోడ్ ఐలండ్ ఉప్పు మడుగుల్లో మే నెల రాత్రుళ్లు బురద పురుగులు పైకి లేచినప్పుడు, నీటి పైన చిందే పాపర్ వేసేటప్పుడు అదే కావాలి. ఫాస్ట్ సింక్ పడవ వాళ్లది, ఇంకా పోటు ఆటుల ధాటి ఎక్కువుండే లోతైన ఏటి మొగలది. అక్కడ ఇంటర్మీడియట్ దిగేలోపే నీళ్లు దాన్ని పక్కకి ఈడ్చుకుపోతాయి. అందుకే మొదటి ప్రశ్న ఎక్కడ నిలబడతావు అని.

నా రెండు సీజన్లు ఎలా పోయాయో ఇక్కడ చెప్పాలి. జనవరిలో ఒకచోట సేల్ పెట్టారు, నూరు డాలర్ల లైన్ నలభైకే. డబ్బా మీద చక్కటి నీలం సముద్రం, కొబ్బరి చెట్లు. సాల్ట్‌వాటర్ అని పెద్దగా రాసుంది, ఉప్పునీళ్లకే కదా అని ఎగిరి గంతేసి కొన్నాను. ఏప్రిల్ మొదటి వారం రారిటన్ బే ఒడ్డున, చేతులు కొంకర్లు పోతుండగా, రీల్లోంచి లాగితే అది లైన్ కాదు, స్ప్రింగు. రీల్ మీద ఎలా చుట్టుకుని ఉందో అలాగే చుట్టలు చుట్టలుగా, ల్యాండ్‌లైన్ ఫోన్ రిసీవర్ తీగలా. విసిరితే రాడ్ రింగుల్లో చిక్కుకుని ముప్పై అడుగుల దగ్గర ఆగిపోయేది. నాకు విసరడం రాదనుకుని ఎంత సాధన చేశానో. సంగతేమిటంటే వేడి దేశాల లైన్లకి లోపలి దారం, పై పూత రెండూ గట్టిగా చేస్తారు, ఫ్లోరిడా ఎండకి మెత్తబడిపోకుండా. 10 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో అవి కడ్డీల్లా బిగుసుకుపోతాయి. చల్లని నీళ్ల లైన్‌ని ఫ్లోరిడా తీసుకెళ్తే సరిగ్గా ఎదురు, ఉడికిన సేమ్యాలా వేలాడుతుంది. స్ట్రైపర్‌కి కొనేటప్పుడు డబ్బా మీద కోల్డ్ వాటర్ అనో, నేరుగా స్ట్రైపర్ అనో ఉందా చూసుకోండి. మంచి లైన్ ఎనభై నుంచి నూట ముప్పై డాలర్లు ఉంటుంది. ఒక దారానికి అంతా అని మనసొప్పదు, నాకు తెలుసు. డబ్బు పెట్టాల్సింది అక్కడే.

రాడ్ సంగతి దీని తర్వాత పెద్దగా మిగలదు. 9 అడుగుల 9 వెయిట్, ఇదీ జవాబు. నీళ్లు నిదానంగా ఉండే ఉప్పుటేర్లలో, చిన్న ఫ్లైలతో మాత్రమే ఆడతానంటే 8 హాయిగా ఉంటుంది, రోజంతా విసిరినా భుజం నొప్పెట్టదు. జానెడు పైబడిన భారీ ఫ్లైలు వేసేవాళ్లు, ఎదురుగాలి సముద్రం ఒడ్డున నిలబడేవాళ్లు 10కి వెళ్తారు. మధ్యలో 9 రెండు పనులూ చేస్తుంది. నాలుగు ముక్కలుగా విడిపోయేది తీసుకోండి, విమానంలో పట్టుకుపోవచ్చు. విరిగితే ముక్క మార్చి ఇచ్చే వారంటీ ఉందో లేదో తప్పకుండా చూడండి, ఎందుకంటే విరుగుతుంది. చేప వల్ల కాదు. కారు తలుపులో పడి విరుగుతుంది, లేదా సీసపు కళ్లున్న ఫ్లై వెనక నుంచి వచ్చి కొనకి తగిలి, అప్పుడేమీ కనిపించకుండా, వారం తర్వాత మామూలుగా విసురుతుండగా టక్కుమంటుంది. రెండు వందల డాలర్ల రాడ్‌కీ తొమ్మిది వందల రాడ్‌కీ తేడా ఉంది, కాదనను, కానీ ఆ తేడా తెలియాలంటే ముందు విసరడం రావాలి.

రీల్ గురించి ఇంకా తక్కువ చెబుతాను. ట్రౌట్ వాళ్లకి రీల్ అంటే లైన్ దాచుకునే డబ్బా, ఇక్కడ కాస్త ఎక్కువ పని ఉంటుంది, చేప పరిగెడితే బ్రేకు వెయ్యాలి. ఆ బ్రేకుని డ్రాగ్ అంటారు. అది లోపల మూసేసి ఉండాలి, ఉప్పూ ఇసకా దూరకుండా. ఇరుసు లావుగా ఉన్నది అయితే తొందరగా చుట్టుకుంటుంది, లైన్ కూడా మరీ చిన్న చుట్టలు పడదు. లైన్ వెనకాల నూట యాభై, రెండు వందల గజాల బ్యాకింగ్ దారం. ఇంతే. నిజానికి చిన్న, మధ్యరకం స్ట్రైపర్లని చాలావరకు రీల్ ముట్టుకోకుండా చేత్తో లైన్ లాగి ఒడ్డుకి తెచ్చేస్తాం. అందుకే ఐదు వందల రీల్ కొని నలభై డాలర్ల లైన్ చుట్టినవాళ్లని చూస్తే నాకు పాత నేనే గుర్తొస్తాను.

లైన్ చివర ఫ్లైకి ముందు కనపడని దారం ఒకటి కట్టాలి, లీడర్ అంటారు. ట్రౌట్ వాళ్లు దీనికో శాస్త్రం రాసుకున్నారు, సన్నబడుతూ పోవాలి, ఇన్ని అడుగులకి ఇంత మందం అని. స్ట్రైపర్‌కి అంత అక్కర్లేదు, ఇంటర్మీడియట్ లైన్‌కి 20 పౌండ్ల బరువు తట్టుకునే ఫ్లోరోకార్బన్ దారం ఐదారు అడుగులు, ఒకే ముక్క చాలు. సింకింగ్‌కి ఇంకా పొట్టిగా, మూడు నాలుగు అడుగులు, ఎందుకంటే లైన్ దిగిపోయి లీడర్ పొడుగ్గా ఉంటే ఫ్లై పైనే ఉండిపోతుంది. ఫ్లోటింగ్‌కి మాత్రం 9 అడుగులు. స్ట్రైపర్ నోట్లో కోసే పళ్లుండవు, పెదవులు గరుకు కాగితంలా ఉంటాయి. బ్లూఫిష్ ఉన్న చోట మాత్రం తీగ కట్టాలి, అది దారాన్ని బ్లేడుతో కోసినట్టు కోసేస్తుంది. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి, ఎండు ముడి బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది.

ఇప్పుడు ఫ్లైలు, నాకు ఇష్టమైన భాగం. ఫ్లై ఎంచుకోవడమంటే ఆ వారం ఆ నీళ్లలో చేప ఏం తింటోందో కనుక్కోవడమే. రారిటన్ బే చుట్టుపక్కల వసంతంలో బంకర్ అనే చేప వస్తుంది, జానెడు నుంచి జానెడున్నర దాకా, జిడ్డోడే చేప, మన కవళ్లకి చుట్టం. సిల్వర్‌సైడ్స్ అని వేలెడు వెండి చేపలుంటాయి. ఇసుకలో దూరే శాండ్ ఈల్ సన్నగా, పెన్సిల్ లాంటిది. సెప్టెంబర్‌లో బే యాంచోవీలు గుంపులు కడతాయి, అవి మన నెత్తళ్లే అనుకోండి, అదే కుటుంబం. పెద్ద స్ట్రైపర్ కూడా ఒక్కోసారి మొండికేసి ఆ నెత్తళ్లనే తింటుంది, పక్కన బారెడు బంకర్ ఫ్లై వేసినా తిరిగి చూడదు. ఆ రోజుల్లో ఏడుపొస్తుంది.

వీటన్నిటికీ కలిపి రెండే ఫ్లైలు కొనమంటే, లెఫ్టీస్ డిసీవర్, క్లౌజర్ మిన్నో. మొదటిది లెఫ్టీ క్రే 1950ల చివర్లో చీసపీక్ బేలో ఈ స్ట్రైపర్ల కోసమే తయారు చేసింది, 1991లో అమెరికా తపాలా బిళ్ల మీదకి కూడా ఎక్కింది. వెనక తోకకి కోడిపుంజు ఈకలు, ముందు మెడ చుట్టూ జింక తోక వెంట్రుకలు. నీళ్లలో లాగి ఆపితే ఈకలు ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతాయి, తడిసినా ఎక్కువ నీళ్లు మోయదు కాబట్టి విసరడానికి తేలిక. ఇండియా నుంచి వచ్చే పుంజు మెడ ఈకల్ని ఇక్కడ ఫ్లైలు కట్టేవాళ్లు చాలాకాలంగా వాడుతున్నారు, షాపులో ఇండియన్ కేప్ అనే ప్యాకెట్ మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు, భీమవరం పుంజులు గుర్తొచ్చి. రెండోది పెన్సిల్వేనియాకి చెందిన బాబ్ క్లౌజర్‌ది, 1980లలో సస్క్వెహానా నదిలో వేరే బాస్ చేపల కోసం కట్టింది. కొక్కెం తల దగ్గర డంబెల్ ఆకారంలో సీసపు కళ్లు. లాగితే పైకి, ఆపితే తల కిందకి, గెంతుతున్నట్టు పోతుంది. పైన చిలకపచ్చ, కింద తెలుపు, 1/0 లేదా 2/0 సైజు కొక్కెం, మూడు నాలుగు అంగుళాల పొడవు. న్యూజెర్సీ వాళ్లకి ఇంకో గర్వకారణం బాబ్ పోపోవిక్స్, ఈ తీరం మనిషే. సర్ఫ్ క్యాండీ అని ఎపాక్సీ జిగురు పూసిన సన్నటి ఫ్లై, హాలో ఫ్లై అని లోపల డొల్లగా ఉండి పెద్ద చేపలా కనిపించే ఫ్లై ఆయన కనిపెట్టినవే. బంకర్ సీజన్‌లో హాలో ఫ్లై అవసరం పడుతుంది, అప్పుడే 10 వెయిట్ గుర్తొస్తుంది కూడా. ఫ్లై పెద్దదైతే లైన్ బరువు పెరగాలి, లైన్ పెరిగితే రాడ్ పెరగాలి, లెక్క ఆ దిశలోనే నడుస్తుంది.

ఎవరూ చెప్పని వస్తువు ఒకటుంది, స్ట్రిప్పింగ్ బాస్కెట్. లైన్‌ని చేత్తో లాగుతూ ఉంటాం కదా, ఆ లాగిన నలభై యాభై అడుగులు ఎక్కడ పడాలి? అలల్లో పడితే కాళ్లకి చుట్టుకుంటుంది, నాచు పట్టుకుంటుంది, మళ్లీ విసరబోతే కదలదు. నడుముకి ఒక బుట్ట కట్టుకుని అందులో వేసుకోవాలి. కొంటే నలభై యాభై డాలర్ల పైమాట, నేనైతే గిన్నెలు కడిగే ప్లాస్టిక్ టబ్‌కి రెండు చిల్లులు పెట్టి, బంగీ తాడు దూర్చి, అడుగున కేబుల్ టైలు నిలువుగా ముళ్లలా గుచ్చాను, లైన్ అటూ ఇటూ జారి చిక్కు పడకుండా. ఆరేళ్లయింది, అదే వాడుతున్నాను. మా ఆవిడకి ఆ టబ్ ఏమైందో చాలా రోజులు తెలియలేదు.

గేర్ ఇంత సర్దుకున్నాక కూడా చేప తగలకపోతే తప్పు దాదాపు ఎప్పుడూ సమయానిది. ఆటూ పోటూ చూడకుండా తీరిక దొరికినప్పుడు వెళ్తే ఖాళీ నీళ్లలో విసిరినట్టే. ఉప్పుటేరు బేలో కలిసే మొగ దగ్గర ఆటు మొదలైన రెండు గంటలు నాకు అన్నిటికన్నా ఇష్టం. నీళ్లు వెనక్కి తీస్తుంటే గడ్డి మేటల్లో దాక్కున్న చిన్న చేపలన్నీ ఆ ఇరుకు దారిలోంచే బయటికి రావాలి. స్ట్రైపర్లు ఆ మొగ దాటాక, వేగంగా పోయే నీళ్లకీ నిలకడ నీళ్లకీ మధ్య గీతలా కనిపించే చోట, ప్రవాహానికి ఎదురు తిరిగి, పెళ్లి భోజనాల్లో బంతి దగ్గర నిలబడ్డవాళ్లలా కాచుకుని ఉంటాయి. ఫ్లైని వాటి ముఖం మీదకి నేరుగా కాదు, ప్రవాహానికి అడ్డంగా వేసి, నీళ్లే దాన్ని ఆ గీత మీదుగా తిప్పి తీసుకెళ్లేలా వదలాలి. ఆటు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఈ శనివారం పొద్దున్న కుదిరింది వచ్చే శనివారం అదే వేళకి కుదరదు. దానికి తెల్లవారుజామో, చీకటి పడే వేళో కలిసి వచ్చిందంటే ఆ రోజు ఆఫీస్ మీటింగ్ సంగతి మీరే చూసుకోండి. ఇంకోటి, ఎనభై అడుగులు విసరాలని కంగారు పడొద్దు. నలభై యాభై చాలు. ఒడ్డున మోకాలి లోతులో మీరు నిలబడ్డ చోటే చేప తిరుగుతూ ఉంటుంది, నీళ్లలోకి దిగే ముందు అక్కడొకసారి వేసి మరీ దిగండి.

చేప తగిలినప్పుడు మనవాళ్లందరం చేసే తప్పు ఒకటే, కర్ర పైకి లేపడం. కాలవ గట్టు అలవాటు, ఎముకల్లో ఉంటుంది. రాడ్ పైకి లేపితే కొన మెత్తగా వంగి కొక్కెం దిగదు, ఫ్లై నోట్లోంచి జారి వచ్చేస్తుంది. రాడ్ నీళ్ల వైపే చూస్తూ ఉండాలి, లైన్ లాగే చేత్తోనే ఒక్కసారి గట్టిగా వెనక్కి లాగాలి. బరువు తగిలాక అప్పుడు ఎత్తండి.

కొక్కేనికి వెనక ముల్లు పటకారుతో నొక్కేయండి, చేప కోసం, మీ చెవి కోసం కూడా. గాలి కుడి వైపు నుంచి వీస్తే కుడిచేతి వాటం వాళ్లకి ఆ సీసపు కళ్ల ఫ్లై సరిగ్గా తల పక్క నుంచే పోతుంది. కళ్లద్దాలు లేకుండా విసరొద్దు. వేడర్లు, అంటే నీళ్లలో దిగడానికి వేసుకునే నీరు చొరని ప్యాంటు, వేసుకుంటే నడుము బెల్టు బిగించాలి, పడితే లోపలికి నీళ్లు నిండకుండా. జెట్టీ రాళ్ల మీదకి మేకుల బూట్లు లేకుండా అసలు ఎక్కొద్దు, ఆ పచ్చటి పాకుడు మీద మామూలు బూట్లు నిలవవు.

ఇక అందరూ అడిగే ఆఖరి ప్రశ్న, తినొచ్చా? తినొచ్చు, తెల్లటి మాంసం, పులుసు కన్నా వేపుడుకి బాగుంటుంది. కానీ నియమాలున్నాయి, ఉండడానికి కారణం ఉంది. 1970లలో, 80లలో ఈ చేప కుప్పకూలిపోయింది, 1984లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసింది, మేరీల్యాండ్ 1985 నుంచి ఐదేళ్లు వేటే ఆపేసింది. కోలుకుందని 1995లో ప్రకటించారు, 2019 లెక్కల్లో మళ్లీ మోతాదుకి మించి పట్టేశామని తేలింది. 2019 తర్వాత చీసపీక్‌లో పిల్ల చేపలు కూడా ఏళ్ల తరబడి సగటు కన్నా తక్కువే. అందుకే 2023లో తీరం పొడవునా ఉమ్మడిగా పెట్టిన హద్దు, సముద్రం వైపు రోజుకి ఒక్కటి, అదీ 28 నుంచి 31 అంగుళాల మధ్యలోదే. అంతకన్నా చిన్నదైనా పెద్దదైనా వదిలేయాలి. తీరానికి మూడు మైళ్లు దాటితే 1990 నుంచి స్ట్రైపర్ వేటే నిషేధం. నియమాలు రాష్ట్రానికో తీరుగా, ఏడాదికో తీరుగా మారుతుంటాయి, వెళ్లే ముందు రాష్ట్రం సైట్ చూసుకోండి. న్యూజెర్సీలో సముద్రానికి లైసెన్స్ ఫీజు లేదు గానీ ఉచితంగా రిజిస్టర్ చేసుకోవాలి, మసాచుసెట్స్‌లో పర్మిట్ కొనాలి.

వదిలేస్తే బతికేస్తుందిలే అనుకోవద్దు. వదిలిన ప్రతి వంద చేపల్లో సుమారు తొమ్మిది చచ్చిపోతాయని అధికారుల లెక్కల్లోనే వేసుకుంటారు. వేసవిలో నీళ్లు 70 ఫారన్‌హీట్ దాటాక ఇంకా కష్టం, నేనైతే జూలై, ఆగస్టుల్లో పగటిపూట రాడ్ తీయను. ఇక్కడ కూడా గేర్ పాత్ర ఉంది. చిన్న రాడ్‌తో పదిహేను నిమిషాలు ఆడించి అలసగొట్టిన చేపని వదిలినా బతకడం అనుమానమే, 9 వెయిట్‌తో మూడు నాలుగు నిమిషాల్లో తెచ్చేయొచ్చు. కింది పెదవిని బొటనవేలితో పట్టుకుని, నీళ్లలోనే ఉంచి కొక్కెం తీయండి. నాలుగైదు చేపలయ్యాక బొటనవేలు మీద చర్మం లేచిపోయి ఉంటుంది, సోమవారం ఆఫీసులో లాప్‌టాప్ ఫింగర్‌ప్రింట్ మిమ్మల్ని గుర్తుపట్టదు.

మొన్న కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు, వాళ్ల దగ్గర శాక్రమెంటో నది డెల్టాలో కూడా స్ట్రైపర్లున్నాయట, మీ చేప మా దగ్గరికెలా వచ్చింది అని. 1879లో ఇక్కడి నేవ్‌సింక్ నదిలో వలేసి పట్టిన చిన్న స్ట్రైపర్లని పీపాల్లో పెట్టి, రైలెక్కించి, దేశం ఆ చివర దాకా మోసుకెళ్లి, బతికి ఉన్న నూట ముప్ఫై చిల్లరని శాన్ ఫ్రాన్సిస్కో బే దగ్గర నీళ్లలో వదిలారు. 1882లో ఇంకోసారి పంపారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అక్కడ మార్కెట్లో లక్షల పౌండ్ల లెక్కన అమ్ముడుపోయాయి. నేవ్‌సింక్ అంటే మా ఇంటి నుంచి ముప్పావు గంట డ్రైవ్, రెడ్ బ్యాంక్ పక్కన పారేది. "అయితే నువ్వు వాడే రాడ్డే నేనూ కొనేస్తా, లింకు పెట్టు" అన్నాడు. రాడ్ అదే కొనుక్కో, 9 వెయిట్ అక్కడా సరిపోతుందిరా, కానీ నువ్వు నిలబడేది మొగ దగ్గరా, పడవలోనా అన్నాను. పడవలోనట, పది పదిహేను అడుగుల లోతు, కిందంతా నీళ్ల ఒరవడి. నా ఇంటర్మీడియట్ అక్కడ పనికిరాదు, మూడు వందల గ్రెయిన్ల ఫాస్ట్ సింక్ లింకు పెట్టాను.